ఇంటి కరెంటు తీగలను నీటి, గ్యాసు పైపుల పక్కనా భూమిలోనూ సురక్షితంగా ఎలా నడపాలి?

పెరట్లోని షెడ్డుకో, గేటు దగ్గర దీపానికో, బోరు మోటారుకో కరెంటు లైను వేయాలనుకున్నప్పుడు అందరికీ వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకటే. కేబుల్‌ను ఎంత లోతున పాతాలి, నీళ్ల పైపు ఉన్న కందకంలోనే వేస్తే ఏమవుతుంది, గ్యాసు పైపుకు ఎంత దూరం ఉండాలి, గోడలో గాడి ఎటు కొట్టాలి అని పాఠకులు పదేపదే అడుగుతున్నారు. వాటికి జవాబును పని జరిగే వరుసలోనే ఇక్కడ ఇస్తున్నాను. ఒక విషయం ముందే గమనించండి. సరిగా పాతిన కేబుల్ మధ్యలో దానంతట అది చెడిపోవడం అరుదు. చెడేది ఎక్కువగా చివరల్లో, ఇతర పైపులను దాటే చోట, తరువాత ఎవరో తెలియక తవ్విన చోట. కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ మూడు చోట్ల గురించే ఉంటుంది.

దారి గుర్తించడం, కందకం తవ్వడం, పైపు పరచడం, ఇసుక పోయడం వంటి పనులు మీరు చేసుకోవచ్చు. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో (ఇంటి సర్క్యూట్లు విడిపోయే పెట్టెలో) కలపడం, ఎర్తింగ్, చివరి పరీక్షలు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాలి. చాలా చోట్ల చట్టం కూడా అదే చెబుతుంది. ఇక్కడ ఇచ్చిన కొలతలకూ మీ ప్రాంతంలో అమలులో ఉన్న నియమానికీ తేడా ఉంటే, ఆ నియమాన్నే పాటించండి.

కావలసినవి

భూమిలో పాతడానికి తగినదని తయారీదారు స్పష్టంగా చెప్పిన కేబుల్ కావాలి. నేరుగా మట్టిలో వేసేటట్లయితే ఆర్మర్డ్ కేబుల్ (ఇనుప కవచం ఉన్నది) తీసుకోండి. పైపులో లాగేటట్లయితే తడిని తట్టుకునే తొడుగు ఉన్న కేబుల్, దానికి తగిన గట్టి పీవీసీ కండ్యూట్ (తీగలు దూర్చే పైపు) లేదా రెండు గోడల హెచ్‌డీపీఈ పైపు, కపలింగులు, పెద్ద వంపు ఉన్న బెండులు, సాల్వెంట్ సిమెంటు కావాలి. ఇవి కాక రాళ్లు లేని ఇసుక, ఇటుకలు లేదా కేబుల్ కవర్లు, హెచ్చరిక టేపు, కేబుల్ గ్లాండ్లు (కేబుల్ చివరను బాక్సుకు బిగించేవి), పైపు మూతిని మూసే సీలెంటు, కొలత టేపు, సుద్ద, పార, ఇన్సులేషన్ ఉన్న చేతితొడుగులు దగ్గర పెట్టుకోండి. పరీక్షలకు మల్టీమీటర్, 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరం) అవసరం. మెగ్గర్ లేకపోతే కందకం పూడ్చేలోపే ఎలక్ట్రీషియన్ దాన్ని తెచ్చేలా మాట్లాడుకోండి, పూడ్చిన తరువాత కాదు.

1. కాగితం మీద దారి గీయండి

ఇంటి పటం గీసి దానిలో నీటి మీటరు, వాల్వులు, మురుగు మ్యాన్‌హోళ్లు, గ్యాసు మీటరు, ఇంటర్నెట్ కేబుల్ లోపలికి వచ్చే చోటు, సెప్టిక్ ట్యాంకు, పెద్ద చెట్లు గుర్తించండి. ఒక మ్యాన్‌హోల్ నుంచి మరో మ్యాన్‌హోల్‌కు మురుగు పైపు సాధారణంగా తిన్నగా వెళుతుంది కాబట్టి ఆ రెండింటినీ కలిపే గీత దాని దారి అనుకోవచ్చు. నీటి పైపు విషయంలో అంత నమ్మకం పెట్టుకోవడానికి లేదు, ఎందుకంటే మరమ్మతు చేసిన ప్రతిసారీ అది కాస్త పక్కకు తిరిగి ఉండవచ్చు.

తవ్వే ముందు గ్యాసు, నీరు, విద్యుత్తు, టెలిఫోన్ సంస్థలకు చెప్పి తమ లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టమని అడగండి. అయితే మీటరు దాటి మీ స్థలంలోకి వచ్చిన లైన్లను వారు చాలాసార్లు గుర్తించరు. వాటిని మీరే వెతుక్కోవాలి. కేబుల్ వెతికే యంత్రం అద్దెకు తెచ్చుకోవచ్చు గానీ, అది ప్లాస్టిక్ పైపులను చూపదు, కరెంటు ప్రవహించని తీగను కొన్ని పద్ధతుల్లో అసలే పట్టదు. యంత్రం మోగలేదంటే అక్కడ ఏమీ లేదని అర్థం కాదు.

దారి ఎంచుకునేటప్పుడు గోడకు సమాంతరంగా గానీ లంబంగా గానీ వెళ్లండి. ఐమూలగా వెళితే రెండు మీటర్ల కేబుల్ మిగలవచ్చు గానీ, పదేళ్ల తరువాత మొక్క నాటడానికి తవ్వే మనిషికి ఆ దారి ఊహకు అందదు. చెట్ల వేళ్ల కిందా, సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంతల పక్కనా, రేపు గది కట్టాలనుకుంటున్న చోటా వేయకండి. కంచె వెంట తగిలించుకుంటూ పోవడం కూడా మంచిది కాదు, కంచె పడిపోతే లైను కూడా దానితోపాటే పోతుంది.

2. కేబుల్ మందం లెక్క చూసుకోండి

బయటికి వెళ్లే లైన్లు పొడవుగా ఉంటాయి కాబట్టి వోల్టేజి తగ్గుదల ఇంట్లో కన్నా ఇక్కడ ఎక్కువ బాధిస్తుంది. ఉదాహరణకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో 40 మీటర్ల దూరానికి 10 ఆంపియర్లు పంపితే, పోయే తీగ, వచ్చే తీగ కలిపి సుమారు 5.5 వోల్టులు తగ్గుతుంది. 16 ఆంపియర్లయితే అది దాదాపు 9 వోల్టులు, అంటే 230లో నాలుగు శాతానికి దగ్గర. తీగ వేడెక్కితే ఇంకాస్త పెరుగుతుంది. దీపాలకు 3 శాతం, మిగతావాటికి 5 శాతం లోపల ఉంచడం అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న హద్దు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా అనేక రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి దానికి ఒక సైజు పెద్ద కేబుల్ వేయడమే మేలు. భూమిలో వేసిన దాన్ని తరువాత మార్చాలంటే మళ్లీ తవ్వాల్సిందే.

3. ఇంటి లోపల, గోడలో ఇతర పైపుల పక్కన

గోడలో తీగలు స్విచ్చుకో సాకెట్టుకో నిలువుగా లేదా అడ్డంగా సూటిగా వెళ్లాలి. మేకు కొట్టే మనిషి స్విచ్చును చూసి తీగ దారిని అంచనా వేసుకోగలగాలి. గాడి లోతు నిలువు గాడికి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడికి ఆరో వంతు దాటకూడదు. అడ్డంగా లోతైన గాడి గోడ బలాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది. తీగ గోడ ఉపరితలానికి 50 మి.మీ. కన్నా దగ్గరగా ఉంటే ఆ సర్క్యూట్‌కు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే లైనును ఆపేసే స్విచ్చు) తప్పనిసరి అనుకోండి.

నీటి పైపు, కరెంటు పైపు పక్కపక్కన అడ్డంగా వెళ్లక తప్పకపోతే కరెంటు పైపు పైన ఉండాలి. కారినా చెమ్మ పట్టినా నీరు కిందికే పోతుంది. వేడినీటి పైపు విషయంలో మాత్రం దానికి సరిగ్గా పైన వేయకూడదు, ఎందుకంటే వేడి పైకి వస్తుంది. మామూలు పీవీసీ ఇన్సులేషన్ తట్టుకునే హద్దు 70 డిగ్రీల సెల్సియస్. పక్కనున్న పైపే 60 డిగ్రీల వేడితో ఉంటే తీగ తన కరెంటుతో వేడెక్కడానికి ఇక మిగిలేది చాలా తక్కువ. దూరంగా జరపండి, లేదా వేడి పైపుకు ఇన్సులేషన్ చుట్టండి.

వేడి ఆపడానికి పైకప్పులో పరిచే పదార్థంలో తీగను అర మీటరుకు మించి పూర్తిగా పూడ్చివేస్తే దాని సామర్థ్యం దాదాపు సగానికి పడిపోతుంది. ఇక తెల్లని థర్మోకోల్ పలకలకు పీవీసీ తీగ నేరుగా తగలకూడదు. తొడుగును మెత్తగా ఉంచే నూనె థర్మోకోల్‌లోకి ఇంకిపోయి, కొన్నేళ్లకు తీగ పెళుసుబారుతుంది.

గ్యాసు పైపుకు లోపలి తీగలతో కనీసం 25 మి.మీ., గ్యాసు మీటరుకు స్విచ్చులు, ఎలక్ట్రిక్ మీటర్లతో 150 మి.మీ. దూరం ఉండాలని బ్రిటన్ ప్రమాణం అడుగుతుంది. ఇది కనీసం మాత్రమే. చోటుంటే ఒక జానెడైనా వదలండి. గ్యాసు పైపు వెళ్లే మూసిన డక్ట్‌లో తీగ కీళ్లు, జంక్షన్ బాక్సులు పెట్టకూడదు. గ్యాసు పైపును ఎర్త్‌గా వాడటం ఎక్కడా, ఎప్పుడూ అనుమతించరు.

ఇంటర్నెట్, టీవీ, సీసీటీవీ తీగలను కరెంటు తీగలు ఉన్న పైపులో దూర్చకండి. పక్కపక్కన వెళ్లేటప్పుడు 200 మి.మీ. వదిలి, దాటాల్సిన చోట లంబంగా దాటించండి. పాత పైపులో ఖాళీ ఉంది కదా అని సీసీటీవీ తీగను అందులోనే లాగడం తరచూ చూసే తప్పు. బొమ్మలో గీతలు రావడం దాని చిన్న ఫలితం. కరెంటు తీగ ఇన్సులేషన్ ఎక్కడైనా చిట్లితే కెమెరా పట్టుకున్న చేతికి షాక్ తగలడం అసలు ప్రమాదం.

4. ఎంత లోతు?

ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేకపోవడానికి కారణం ఉంది. లోతు కేబుల్‌కు ఉన్న రక్షణను బట్టి మారుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 1255 తక్కువ వోల్టేజి కేబుల్‌కు 750 మి.మీ. లోతు చెబుతుంది. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ప్రకారం నేరుగా పాతే కేబుల్‌కు 24 అంగుళాలు అంటే సుమారు 600 మి.మీ., గట్టి పీవీసీ కండ్యూట్‌కు 18 అంగుళాలు అంటే సుమారు 450 మి.మీ., మందపాటి ఇనుప కండ్యూట్‌కు 6 అంగుళాలు సాధారణ కనిష్ఠాలు. వాహనాలు తిరిగే చోట ఇవి పెరుగుతాయి. ఏ నియమం తెలియని పరిస్థితిలో నా సలహా 750 మి.మీ., కారు నడిచే దారి కింద ఒక మీటరు. ఈ లోతును కేబుల్ పైభాగం నుంచి చివరికి మిగిలే నేలమట్టం వరకు కొలవాలి. రేపు తోట చదును చేసి ఒక అడుగు మట్టి తీసేయబోతున్నారంటే ఈ రోజు కొలతకు అర్థం లేదు.

కింద రాయి తగిలి లోతు కుదరకపోతే పై పైన పాతేసి సరిపెట్టుకోకండి. ఆ భాగానికి ఇనుప కండ్యూట్ వేసి పైన కాంక్రీటు పోయడం ఒక మార్గం. దారి మార్చడం ఇంకొకటి. గోడ వెంట కనబడేలా గట్టి కండ్యూట్‌లో తీసుకెళ్లడం మూడోది, ఖర్చు దీనికే తక్కువ.

5. కందకం తవ్వండి

ముందు అనుమానం ఉన్న చోట్ల చేత్తో చిన్న గుంతలు తవ్వి చూడండి. గుర్తించిన ఏ లైనుకైనా రెండు పక్కలా అర మీటరు లోపల యంత్రంతో తవ్వకండి, గునపం మొనతో పొడవకండి. పారతో పక్కనుంచి మట్టిని పొరలు పొరలుగా తీయండి. హెచ్చరిక టేపు, ఇటుకల వరుస, చుట్టూ ఉన్న మట్టిలో కలవని ఇసుక కనబడితే ఆగండి. వాటి కింద ఏదో ఉన్నట్టే. దొరికిన కేబుల్ పాతదనీ, పనిచేయడం లేదనీ అనిపించినా అందులో కరెంటు ఉన్నట్టే భావించాలి.

హెచ్చరిక: తవ్వుతుండగా గ్యాసు వాసన వస్తే స్విచ్చులు వేయకండి, తీయకండి, అక్కడ ఫోన్ వాడకండి. అందరినీ దూరంగా తీసుకెళ్లి అక్కడి నుంచి గ్యాసు సంస్థకు ఫోన్ చేయండి. వంటగ్యాసు అయిన ఎల్‌పీజీ గాలి కన్నా బరువైనది, అందువల్ల కందకంలాంటి పల్లపు చోట్లలో నిలిచిపోతుంది.

అడుగు చదునుగా ఉండాలి. రాళ్లు, గాజు పెంకులు ఏరేసి 75 మి.మీ. ఇసుక పరవండి. నడుము లోతుకు మించిన కందకంలో అంచులకు ఆపు లేకుండా దిగకూడదు.

6. ఇతర లైన్ల పక్కనా, దాటే చోటా

భూమిలో నీటి, గ్యాసు పైపులకూ టెలిఫోన్ కేబుళ్లకూ మన కేబుల్‌కూ మధ్య 300 మి.మీ. దూరం ఉంచాలి. ఐఎస్ 1255 చెప్పే కొలత కూడా ఇదే. షాక్ భయం ఒక్కటే ఇందుకు కారణం కాదు. నీటి పైపు పగిలి ప్లంబరు తవ్వేటప్పుడు పార ఆడే చోటు కావాలి. అందుకే సమాంతరంగా వెళ్లేటప్పుడు పైపుకు నేరుగా పైన ఎప్పుడూ వేయకండి. అలా వేస్తే పైపును చేరడానికి కేబుల్‌ను దాటక తప్పదు. ఒకే కందకం వాడాల్సి వస్తే అడుగును వెడల్పు చేసి రెండింటినీ చెరో అంచుకు నెట్టండి, లేదా ఒక పక్క మెట్టులాగా ఎత్తు వదిలి కేబుల్‌ను ఆ మెట్టు మీద వేయండి.

దాటాల్సిన చోట లంబకోణంలోనే దాటండి. దాటే చోటుకు రెండు పక్కలా కనీసం అర మీటరు పొడవున కేబుల్‌ను గట్టి పైపులో దూర్చండి. 300 మి.మీ. దొరకనప్పుడు ఆ రెండింటి మధ్య కాంక్రీటు పలక పెట్టడం వాడుకలో ఉంది, కానీ గ్యాసు లైను దగ్గర ఆ సర్దుబాటు ఆ సంస్థ ఒప్పుకుంటేనే చేయాలి. కేబుల్ బరువు కింది పైపు మీద గానీ, పైపు బరువు కేబుల్ మీద గానీ పడకూడదు.

7. పైపు, కేబుల్ వేయండి

పైపులో లాగేటట్లయితే ముందు పైపు మొత్తం అతికించి ఆరనివ్వండి, తరువాతే కేబుల్ లాగండి. ఆరని సాల్వెంట్ సిమెంటు తీగ ఇన్సులేషన్‌ను తినేస్తుంది. మూడు లేదా అంతకన్నా ఎక్కువ తీగలు ఉంటే వాటి మొత్తం అడ్డకోత పైపు లోపలి వైశాల్యంలో 40 శాతం దాటకూడదు. ఒక బాక్సు నుంచి మరో బాక్సుకు మధ్య వంపులన్నీ కలిపి 360 డిగ్రీలు, అంటే నాలుగు లంబకోణపు బెండులు మించకూడదు. నిజానికి మూడు దాటగానే లాగడం కష్టమవుతుంది. జారడానికి కేబుల్ కోసం చేసిన లూబ్రికెంటే వాడండి, ఇంజను ఆయిలు, గ్రీజు కొన్ని ఇన్సులేషన్లను ఉబ్బిస్తాయి.

ఇనుప పైపు అయితే ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ అన్నీ ఒకే పైపులో ఉండాలి. ఫేజ్ ఒక ఇనుప పైపులో, న్యూట్రల్ మరొక దానిలో వెళితే అయస్కాంత ప్రభావం వల్ల పైపే వేడెక్కుతుంది.

ఆర్మర్డ్ కేబుల్‌ను చుట్ట నుంచి దొర్లిస్తూ విప్పాలి. పక్కనుంచి పాములా లాగితే మెలికలు పడతాయి. వంపు వ్యాసార్ధం కేబుల్ వ్యాసానికి 12 రెట్లు ఉండేలా చూడండి. ఆర్మర్‌ను గ్లాండ్ ద్వారా ఎర్త్‌కు కలపకపోతే అది వట్టి ఇనుప తొడుగు మాత్రమే. కలిపితే, గునపం దిగినప్పుడు ఫేజ్ ఆ ఇనుముకు తగిలి ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే ఆపేసే స్విచ్చు) గానీ ఆర్‌సీసీబీ గానీ వెంటనే పడిపోతుంది, అంటే కరెంటు ఆగిపోతుంది.

మధ్యలో అతుకు వేయకండి. తప్పనిసరైతే భూమిలో వాడే రెజిన్ పోసే జాయింట్ కిట్ వాడండి. ఇన్సులేషన్ టేపు ఎన్ని చుట్లు చుట్టినా మట్టిలోని తడిని ఆపలేదు.

8. చివరలు

కండ్యూట్‌లోకి నీరు రాదని నమ్మకండి. అతుకులన్నీ సరిగా ఉన్నా, చల్లబడిన గాలిలోని తేమే లోపల నీరవుతుంది. అందుకే ఇంట్లోకి వచ్చే పైపును బయటికి వాలేలా పెట్టి, కేబుల్ లాగాక మూతిని సీలెంటుతో మూసేయాలి. ఆ మూత నీటితోపాటు చీమలను, ఎలుకలను, అంతకన్నా ముఖ్యంగా గ్యాసును ఆపుతుంది. మట్టిలో కారిన గ్యాసు ఖాళీ కండ్యూట్ గుండా ఇంట్లోకి చేరుకోగలదు. ఇంత చిన్న పనిని చాలామంది వదిలేస్తారు.

పునాది పక్కన పూడ్చిన మట్టి కాలక్రమేణా దిగుతుంది. ఇంటి గోడ మాత్రం కదలదు. ఆ రెండింటి మధ్య కేబుల్ బిగుతుగా ఉంటే టెర్మినల్ దగ్గర ఊడుతుంది. అందుకని గోడ దగ్గర ఒక వదులు వంపు విడవండి. నేల నుంచి పైకి వచ్చే భాగానికి పార దెబ్బ, ఎండ రెండూ తగులుతాయి కాబట్టి అక్కడ ఎండను తట్టుకునే గట్టి పైపు తొడగండి. 10 మీటర్ల పీవీసీ పైపు 30 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు 1.5 నుంచి 2 సెం.మీ. దాకా సాగుతుంది, పొడవైన బయటి పైపుకు ఎక్స్‌పాన్షన్ కపలింగ్ అందుకే కావాలి.

9. మొదటి పరీక్ష, ఆపై పూడ్చడం

కందకం తెరిచి ఉండగానే మెగ్గర్ పరీక్ష చేయించండి. రెండు చివరలా పరికరాలు, సూచిక దీపాలు, సర్జ్ ప్రొటెక్టర్లు విడదీసి 500 వోల్టుల డీసీతో ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మధ్య చూడాలి. కనిష్ఠం 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు). అయితే కొత్త కేబుల్ 2 మెగోమ్‌లు చూపితే సంతోషించకండి. దానికి పదుల్లో, వందల్లో రావాలి. వచ్చిన అంకె రాసి పెట్టుకోండి.

కేబుల్ మీద మళ్లీ 75 మి.మీ. ఇసుక పోసి, ఇటుకలు లేదా కవర్లు అడ్డంగా పేర్చండి. మట్టిని పొరలుగా వేసి తొక్కుతూ, కేబుల్‌కు సుమారు 300 మి.మీ. పైన హెచ్చరిక టేపు పరవండి. కేబుల్‌కు ఆనించి వేసిన టేపు వల్ల ఉపయోగం లేదు, అది కనబడేసరికే పార కేబుల్‌ను తాకి ఉంటుంది. పూడ్చడానికి ముందు, కొలత టేపు కందకానికి అడ్డంగా పెట్టి గోడ మూల కనబడేలా ఫోటోలు తీయండి.

10. పూడ్చాక సరిచూసుకోవడం

మళ్లీ మెగ్గర్ పెట్టండి. రెండు అంకెల మధ్య పెద్ద తగ్గుదల ఉంటే పూడ్చేటప్పుడే రాయి గుచ్చుకుందన్నమాట. ఇప్పుడే తవ్వండి, మట్టి వదులుగా ఉంది. తరువాత ఎర్త్ తీగ కొనసాగింపు, అంటే ఎక్కడా తెగకుండా ఉందా అని చూడాలి. 2.5 చదరపు మి.మీ. రాగి 40 మీటర్లకు సుమారు 0.3 ఓమ్ చూపుతుంది. రెండు మూడు ఓమ్‌లు వస్తే ఎక్కడో కలయిక వదులుగా ఉంది.

కరెంటు ఇచ్చాక ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బొత్తాం నొక్కండి. అది పడిపోతే దాని యంత్రాంగం పనిచేస్తోందని మాత్రమే తెలుస్తుంది. ఎర్త్ బాగుందని దాంతో రుజువు కాదు. ఎంత కరెంటుకు, ఎంత సమయంలో పడుతోందో ఎలక్ట్రీషియన్ పరికరంతో కొలవాలి. 30 మిల్లీఆంపియర్ల వద్ద 300 మిల్లీసెకన్ల లోపల పడాలి. ఆ తరువాత మోటారు నడుస్తుండగా చివరి సాకెట్టు దగ్గర వోల్టేజి చూడండి. బోర్డు దగ్గరి వోల్టేజి కన్నా 5 శాతానికి మించి తక్కువుంటే కేబుల్ సన్నదైనా కావాలి, కలయిక వదులైనా కావాలి. చేయి పెట్టి వేడి చూడటం పరీక్ష కాదు.

తొలి పెద్ద వాన తరువాత మరోసారి మెగ్గర్ విలువ తీసుకోండి. ఎండలో బాగుండి వానకు పడిపోయే లైనులో లోపం దాదాపు ఎప్పుడూ బయటి జంక్షన్ బాక్సులోనో గ్లాండ్‌లోనో ఉంటుంది, కందకం జోలికి పోయే ముందు వాటిని విప్పి చూడండి.

చివరగా పటం మీద కందకం దారి, కదలని రెండు గోడ మూలల నుంచి దూరాలు, లోతు, దాటిన పైపులు, కేబుల్ సైజు, తేదీ రాయండి. ఒక ప్రతిని డిస్ట్రిబ్యూషన్ బోర్డు తలుపు లోపల అతికించండి, ఎందుకంటే ఇల్లు చేతులు మారినా ఆ బోర్డు అక్కడే ఉంటుంది.